రెండు తోకల బల్లి కనిపిస్తే ఏమవుతుంది? మాల తీశాక మళ్ళీ మొలిచే తోకల సంగతి



మొన్నటి వీడియో చివర రెండు తోకల బల్లి గురించి మాట్లాడుతూ భరతుడి కథలోకి వెళ్ళేసరికి టైము అయిపోయింది. మిగతాది రాసి పెడతానన్నాను కదా, అదే ఇది. కాస్త పొడుగే. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేసి వచ్చి చదవండి.

ముందు ప్రశ్న చెబుతాను. ఒక తల్లి ఇంట్లో, పూజగదిలో దేవుడి పటాల వెనక బల్లి తిరుగుతోందట. దాని తోక మధ్యలో చీలి రెండుగా ఉందట. ఆవిడ భయపడిపోయి అడిగింది, ఇది దోషమా, శాంతి ఏమన్నా చేయించాలా అని. ఇంకొకాయన సంగతి దీనికి తిరగేసి. రెండు తోకల బల్లి ఇంట్లో ఉంటే డబ్బు రెట్టింపవుతుందని ఆయనకెవరో చెప్పారు. అది ఎక్కడ వెళ్ళిపోతుందోనని గది కిటికీలన్నీ మూసేశాడు. పాపం ఆ బల్లి!

మన పంచాంగాల్లో బల్లిపాటు ఫలితాలని ఒక పట్టిక వేస్తారు. తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే ఒకటి, మగవాళ్ళకు ఒకలా, ఆడవాళ్ళకు ఒకలా. నమ్మేవాళ్ళు బల్లి మీద పడగానే తలస్నానం చేసి, దీపం పెట్టుకుని దండం పెట్టుకుంటారు. మంచిదే, స్నానం చేసి దీపం పెడితే ఎవరికి నష్టం? కానీ ఆ పట్టిక చూసేది బల్లి ఎక్కడ పడిందన్నది. దానికి తోకలెన్ని అని కాదు. కనుక శాంతీ అక్కర్లేదు, కిటికీలు మూయడమూ అక్కర్లేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందని మనవాళ్ళే సామెత కూడా చెప్పుకున్నారు. శకునాన్ని ఎంతవరకు మోయాలో ఆ సామెత కట్టినవాడికి తెలుసు.

కంచి వెళ్ళినవాళ్ళు వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లి, వెండి బల్లి చూసే ఉంటారు. మెట్లెక్కి, చెయ్యి పైకి చాపి తాకి వస్తాం, పక్కనే సూర్యచంద్రులుంటారు. అక్కడి స్థలపురాణంలో గౌతమ మహర్షి శిష్యులిద్దరు పూజకు నీళ్ళు తెచ్చారు. ఆ నీళ్ళలో బల్లి పడింది, వాళ్ళు చూసుకోలేదు. గురువు శపించాడు, బల్లులైపోయారు, చివరికి కంచి వరదుడి దగ్గర విముక్తి కలిగింది. ఈ కథలో తప్పు బల్లిదని ఎక్కడా లేదు, గమనించండి. తప్పు చూసుకోకపోవడంలో ఉంది. అది మనుషుల తప్పు.

మరి ఆ రెండో తోక ఎక్కణ్ణుంచి వచ్చింది? దీన్ని కొంచెం ఓపిగ్గా తెలుసుకోవాలి. నాకు చెప్పాలని ఉన్నదంతా అందులోనే ఉంది.

పిల్లో, కాకో వెనక నుంచి తోక పట్టుకుంటే బల్లి తోక వదిలేసి పారిపోతుంది. ఇది అందరికీ తెలిసిందే. పిల్లి లాగితే తోక ఊడిందని మనం అనుకుంటాం. కాదు, బల్లే తెంచుకుంటుంది. దాని తోకలోని వెన్నుపూసల్లో, ఒక పూసకూ ఇంకో పూసకూ మధ్య కాదు, పూస నడిమిలోనే విరగడానికి వీలుగా ఒక గీత పుట్టుకతోనే ఉంటుంది. మనం మింగే కొన్ని మాత్రలకు మధ్యలో గీత ఉంటుంది చూడండి, సగానికి విరవడానికి? అలాంటిదనుకోండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు బల్లి అక్కడి కండరాలను బిగిస్తుంది. తోక ఆ గీత దగ్గర పుటుక్కున విడిపోతుంది. రక్తనాళాలు వెంటనే ముడుచుకుంటాయి, అందుకే రక్తం పెద్దగా కారదు. తెగిన తోక కొన్ని నిమిషాలు నేల మీద గిలగిలా కొట్టుకుంటుంది. పిల్లి దాన్నే చూస్తూ ఉంటుంది. అసలు బల్లి గోడెక్కేస్తుంది.

మనం దీన్ని తమాషాగా చూస్తాం గానీ బల్లికిది చిన్న ఖర్చు కాదు. చాలా బల్లులు కొవ్వు దాచుకునేది తోకలోనే. అంటే దాని పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బు ఆ తోక. అది పోయాక కొన్నాళ్ళు చురుకు తగ్గుతుంది. కొన్ని జాతులైతే ప్రమాదం తప్పాక తిరిగొచ్చి, తాము వదిలిన తోక అక్కడే ఉంటే తినేస్తాయి కూడా. పోగొట్టుకున్నదాంట్లో కొంతైనా దక్కించుకోవాలి కదా మరి. అందుకే పిల్లలు సరదాకి చీపురుపుల్లతో బల్లి తోక కొడుతుంటే నవ్వుకుంటూ ఊరుకోకండి. మనకు ఆట, దానికి ఇల్లు కాలడం.

తర్వాత కొన్ని వారాలకో నెలలకో తోక మళ్ళీ మొలుస్తుంది. అయితే, పోయిన తోక తిరిగి రాదు. వచ్చేది వేరే తోక. పాతదాంట్లో పూసలు పూసలుగా ఎముక ఉండేది. కొత్తదాంట్లో పూసలుండవు. మన చెవి దొప్పలో ఉంటుందే మెత్తటి మృదులాస్థి, అలాంటిదాంతో ఒక గొట్టం, అంతే. తరచుగా పొట్టిగా ఉంటుంది. పొలుసుల తీరు మారుతుంది, రంగు తేడాగా ఉంటుంది. గోడ మీద బల్లిని దగ్గరగా చూస్తే అతుకు ఎక్కడుందో మీకే కనిపిస్తుంది.

ఇంకొక సంగతి ఉంది. నన్ను చాలా రోజులు ఆలోచనలో పెట్టింది అదే. కొత్తగా మొలిచిన భాగంలో ఆ విరుపు గీతలు ఉండవు. అంటే అదే చోట ఇంకోసారి తెంచుకోవడం కుదరదు. రెండోసారి ఆపద వస్తే అంతకంటే పైన, పాత ఎముక మిగిలిన చోట, ఒంటికి ఇంకా దగ్గరగా తెంచుకోవాలి.

రెండు తోకలు ఎలా వస్తాయంటారా? తోక పూర్తిగా తెగనప్పుడు. దెబ్బ తగిలింది, సగం విరిగింది, కానీ ఊడిపోలేదు. పాతది వేలాడుతూనే అతుక్కుంది. శరీరమేమో గాయం చూసి, తోక పోయింది కాబోలనుకుని అక్కణ్ణుంచి కొత్తది మొలిపించింది. అలా రెండు. గాయాలు ఎక్కువైతే మూడు కూడా వస్తాయి. అర్జెంటీనాలో టెగూ అనే పెద్ద బల్లికి ఒకదానికి ఆరు తోకలు మొలిచి ఉండటం శాస్త్రవేత్తలు రాసిపెట్టారు. ఇది మనం అనుకున్నంత అరుదు కూడా కాదట. 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు అంతవరకు నమోదైనవన్నీ పోగేస్తే 63 దేశాల నుంచి 175కి పైగా జాతుల్లో ఇలాంటివి తేలాయి. రెండో తోక బరువు, పరిగెత్తడానికీ తప్పించుకోవడానికీ అడ్డం కావచ్చని వాళ్ళ అంచనా. కనుక పటం వెనక ఉన్నది లక్ష్మీదేవి పంపిన బల్లి కాదమ్మా, శనీశ్వరుడు పంపిందీ కాదు. ఎప్పుడో తోక సగం తెగి బతికి బయటపడ్డ ప్రాణి. దాని దోవన దాన్ని పోనివ్వండి. రెండో తోక కత్తిరించాలని మాత్రం చూడకండి.

అన్ని ప్రాణులకూ ఈ వరం లేదు. గోడ మీది బల్లికి ఉంది. కంచె మీది తొండకు తోక తెగితే ఇలా మళ్ళీ మొలవదు. ఉడుముకు లేదు, ఊసరవెల్లికీ లేదు.

ఇప్పుడు మనుషుల్లోకి వస్తాను.

కార్తీకంలో అయ్యప్ప మాలలు వేస్తారు. 41 రోజులు. నల్లబట్టలు, చన్నీటి స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం, కాళ్ళకు చెప్పుల్లేవు. సిగరెట్టు లేదు, మందు లేదు, నోటి వెంట చెడ్డమాట లేదు. ఇంట్లో చిన్నపిల్లాణ్ణి కూడా "స్వామీ" అని పిలుస్తారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ దీక్ష ఎంత మంది ఇళ్ళను నిలబెట్టిందో నేను కళ్ళారా చూసినవాణ్ణి. దాన్ని తక్కువ చేసే మాట నా నోట రాదు.

ఒక చెల్లెమ్మ నాతో అన్న మాట చెబుతాను. "సంవత్సరంలో ఆ 41 రోజులే మా ఇంట్లో పండగ గురువుగారూ. అందరికీ మాల వేసే రోజంటే భయం, కష్టం అని. నాకు మాల తీసే రోజంటే భయం." ఆవిడ భర్త ఏడుసార్లు కొండకు వెళ్ళొచ్చాడు. ఏడుసార్లూ నియమం ఎక్కడా తప్పలేదట, అది ఆవిడే చెప్పింది. మాల తీసిన వారం తిరక్కుండానే సీసా ఇంటికొచ్చేది. ఆవిడ అత్తగారు, అంటే కన్నతల్లే, విసిగిపోయి "వాడిది కుక్క తోకమ్మా, వంకర పోదు" అనేసిందట.

ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది, అది వినండి. "మునుపు తాగొస్తే తల దించుకుని ఒక మూలన పడుకునేవాడు. ఇప్పుడు తాగొచ్చి, నేను ఏడు మాలలు వేసినవాణ్ణి, నాకు నువ్వు చెప్పేదానివా అంటాడు."

అర్థమైందా? పాత తోక ఊడలేదు. పక్కన కొత్తది మొలిచింది. తాగుడు ఒకటి, ఏడు మాలల అహంకారం ఒకటి. రెండూ ఆ ఇల్లే మోస్తోంది.

కుక్క తోక అన్న పెద్దావిడ బాధ నాకు తెలుసు గానీ ఆ పోలికకు నేను ఒప్పుకోను. కుక్క తోక అంటే పుట్టుకతో వంకర, ఎన్నాళ్ళు బద్ద కట్టినా అంతే అని. అంటే ఆ మనిషి ఎప్పుడూ మారలేదు, ఇకమీదా మారడు అని తీర్పు. ఇది అబద్ధం. 41 రోజులు ఆయన నిజంగానే మానేశాడు, అది నాటకం కాదు. నాటకమైతే తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకునే పని ఎవడు పెట్టుకుంటాడు? తోక తెగింది. అయితే ఎంతవరకు తెగిందన్నదే ప్రశ్న. మాల వేసుకునే ముందు రోజు రాత్రి "ఇదే చివరిసారి" అని నలుగురితో కూచుని పీకలదాకా తాగినవాడు, మండలం పూర్తయ్యే తేదీ క్యాలెండర్లో గుండ్రంగా చుట్టి పెట్టుకున్నవాడు, తోకను సగమే విరిచాడు. అది వేలాడుతూ ఎదురుచూస్తూనే ఉంటుంది.

గీత రెండో అధ్యాయంలో, 59వ శ్లోకంలో, భగవానుడు ఈ సంగతే అర్జునుడికి చెప్పాడు. ఆహారం మానేసినవాడి నుంచి విషయాలు తొలగిపోతాయి గానీ, వాటి మీద రుచి అలాగే ఉండిపోతుంది, పరమాత్మను చూశాకే ఆ రుచి కూడా పోతుంది అని దాని భావం. స్వామి ఇక్కడ ఉపవాసాన్ని తిట్టలేదు, దాని హద్దు చెప్పాడు. వస్తువును దూరం పెట్టడం మన చేతిలో పని. రుచి పోవడానికి ఇంకోటి కావాలి.

యుద్ధకాండ గుర్తు తెచ్చుకోండి. రాముడు రావణుడి తల నరుకుతాడు, ఇంకోటి మొలుస్తుంది. మళ్ళీ నరుకుతాడు, మళ్ళీ మొలుస్తుంది. నాభిలో అమృతభాండం ఉందని, విభీషణుడు చెప్పాడని మనం సినిమాల్లో చూశాం, వేరే రామాయణాల్లో విన్నాం. వాల్మీకంలో అది లేదు. అక్కడ సారథి మాతలి గుర్తుచేస్తాడు, బ్రహ్మాస్త్రం వెయ్యి స్వామీ అని. ఆ బాణం వెళ్ళి తగిలింది తలకు కాదు, గుండెకు. మొలుస్తున్నది పైన, మొలిపిస్తున్నది లోపల. అంతటి రాముడే తలలు ఎన్నిసార్లు నరికాడో చూశాక, మన ఇంట్లో మనిషి ఏడుసార్లు ఓడిపోయాడని ఎగతాళి చెయ్యడానికి మనకు నోరెలా వస్తుంది?

సరే, ఇక భరతుడు. వీడియోలో ఆగిపోయింది ఇక్కడే.

ఈయన శకుంతల కొడుకు భరతుడు కాదు, రాముడి తమ్ముడూ కాదు. ఋషభదేవుడి కొడుకు. భాగవతం పంచమ స్కంధంలో వస్తాడు. (మన తెలుగు భాగవతంలో ఈ స్కంధం పోతనగారి చేతిది కాదు, గంగనది. కొన్ని భాగాలు శిథిలమైపోతే వేరే కవులు పూరించారని చెబుతారు. అవీ ఒకరకంగా తిరిగి మొలిచిన భాగాలే. అతుకు తెలుస్తుంది, అయినా భక్తితో చదువుకుంటున్నాం.) మహారాజు. చాలా కాలం ఏలాడు, యజ్ఞాలు చేశాడు. ఒకరోజు రాజ్యం కొడుకులకు పంచేసి, భార్యను, సంపదను, అన్నీ వదిలి గండకీ నది ఒడ్డున పులహాశ్రమానికి వెళ్ళిపోయాడు. మనకు సాలగ్రామాలు దొరికేది ఆ గండకిలోనే. ఒంటరిగా ఉన్నాడు. పూలు, తులసి, నీళ్ళు, కందమూలాలతో స్వామిని పూజించుకుంటూ, ఆ పూజలో కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే చేస్తున్న పూజ మర్చిపోయేంత భక్తి. తోక తెగింది, శుభ్రంగా తెగింది. మాల తీసే తేదీ చుట్టి పెట్టుకున్న మనిషి కాదు ఈయన.

ఒకనాడు ఏటి ఒడ్డున కూర్చుని జపం చేసుకుంటున్నాడు. నిండు చూలాలు లేడి ఒకటి నీళ్ళు తాగడానికి వచ్చింది. దగ్గర్లోనే సింహం గర్జించింది. లేడి బెదిరి ఏరు దాటడానికి ఒక్క దూకు దూకింది. ఆ భయానికి కడుపులో పిల్ల జారి నీళ్ళలో పడిపోయింది. తల్లి అవతల ఒక గుహ చేరి ప్రాణం విడిచింది. పిల్ల ప్రవాహంలో కొట్టుకుపోతోంది. భరతుడు చూశాడు. ఎత్తుకుని ఆశ్రమానికి తెచ్చాడు.

ఇక్కడ ఎవరైనా ఏం చేస్తారు? మీరైనా నేనైనా ఎత్తుకుంటాం. ఎత్తుకోకపోతే మనిషే కాదు. అందుకే ఈ కథ నన్ను భయపెడుతుంది. కొత్త తోక మొలిచింది కామం నుంచి కాదు, కోపం నుంచి కాదు. జాలి నుంచి.

మొదట గడ్డి తెచ్చి పెట్టాడు. తోడేళ్ళ భయమని దగ్గరే పెట్టుకున్నాడు. నడిచి అలిసిపోతుందని భుజాన ఎక్కించుకున్నాడు. పూజ మధ్యలో లేచి, అది ఉందా లేదా అని చూసి వచ్చి, దానికి ఆశీర్వాదం చెప్పి, అప్పుడు మళ్ళీ మంత్రం. తర్వాత ఒక నియమం తప్పింది, ఇంకోటి తప్పింది, కొన్నాళ్ళకు అన్నీ తప్పాయి. అది మేతకెళ్ళి ఆలస్యమైతే, ఉన్న ధనమంతా పోయిన లోభిలా ఏడ్చాడు. ఆకాశంలో చంద్రుడిలో మచ్చ చూసి, నా లేడిపిల్లను ఈయన గానీ దగ్గరకు తీశాడా అని అనుకున్నాడు. రాజ్యాన్నీ, కన్నబిడ్డల్నీ వదలగలిగిన మనిషి సుమా!

కొత్త తోకలో విరుపు గీత ఉండదని పైన చెప్పాను. ఇదే అది. రాజ్యాన్ని వదలడానికి భరతుడికి వీలుంది, ఎందుకంటే అది బంధమని పేరుపెట్టి పిలవడం ఆయనకు వచ్చు. లేడిపిల్ల దగ్గర ఆ వీలు లేదు. దాన్ని వదలమని మనసు ఎప్పుడన్నా అంటే, దిక్కులేనిదాన్ని వదిలేస్తావా అని అదే మనసు కసురుతుంది. ఏడు మాలల మనిషికీ అంతే. తాగుడు తప్పని ఆయనకు ఎప్పుడో తెలుసు. ఏడు మాలల గర్వం మాత్రం భక్తి బట్టలు కట్టుకుని ఉంది. దాన్ని ఎక్కడ విరవాలో ఆయనకు దొరకదు.

ఆ లేడిపిల్ల పక్కనే కూర్చుని కొడుకులా చూస్తుండగా, దాన్నే చూస్తూ భరతుడు ప్రాణం వదిలాడు. లేడై పుట్టాడు.

నేను ఈ కథ చెప్పినప్పుడల్లా జనం ఇక్కడ "అయ్యో" అంటారు. అయ్యో అని ఆగిపోకండి, తర్వాతది వినండి. చేసిన ఆరాధన ఎక్కడికీ పోలేదు. లేడి ఒంట్లో ఉండి కూడా ఆయనకు పూర్వజన్మ గుర్తుంది. ఏం జరిగిందో తెలుసుకున్నాడు. తల్లి లేడిని, మందను వదిలి ఒక్కడే మళ్ళీ ఆ ఆశ్రమానికే నడిచి వెళ్ళాడు. ఎవరితోనూ చెలిమి పెట్టుకోలేదు. ఎండుటాకులు తిని, ఆ జన్మ ఎప్పుడు తీరుతుందా అని ఎదురుచూశాడు. చివరికి ఆ తీర్థంలో సగం ఒళ్ళు నీళ్ళలో ఉంచి శరీరం వదిలాడు. రాజుగా వదిలింది సింహాసనం. లేడిగా వదిలింది తల్లి పక్కన నిద్ర. రెండోసారి ఒంటికి ఎంత దగ్గరగా తెగిందో చూశారా?

ఆ చెల్లెమ్మకు నేనేం చెప్పానని వీడియో చూసినవాళ్ళు అడుగుతున్నారు. పెద్ద ఉపదేశమేమీ చెయ్యలేదు. ముందు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమన్నాను. రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. కాబట్టి మాల వేసే ముందే చూపించుకోవాలి. మందు మాన్పించే వైద్యం ఉంది, అందుకు కేంద్రాలున్నాయి. మాత్ర వేసుకుంటే దీక్ష చెడుతుందని ఎవరన్నా అంటే నా పేరు చెప్పండి, నేను మాట్లాడతాను.

రెండోది, మాల తీసే రోజును ఇంట్లో పండగ చెయ్యొద్దన్నాను. తోక పోయిన బల్లి కొన్నాళ్ళు నలుగురి మధ్య తిరగదు, చాటున ఉంటుంది. మాల తీసిన మనిషికీ ఆ చాటు కావాలి. మనవాళ్ళేమో ఆ రోజే స్నేహితులందరినీ పిలిచి మేకను కోస్తారు. ఆ ఒక్క సాయంత్రం చాలు! మాల తీశాక ఇంకో 41 రోజులు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆయన చేతికి ఒక పని ఉండాలి. దగ్గర్లో గుడి ఉంటే దీపాలు తోమే పని, నీళ్ళు మోసే పని ఏదైనా సరే. పెద్దపీట వేసి, దండ వేసి, స్వామీ అనే చోట మాత్రం వద్దు. ఆయన మాలల లెక్క ఎవరికీ తెలియని చోట ఉండాలి.

మూడోది ఆవిడ కోసం చెప్పాను. తాగొచ్చి చెయ్యి చేసుకుంటే ఓర్చుకోవడం పతివ్రతా ధర్మమని నేను చెప్పను. ఏ శాస్త్రం పేరు పెట్టి చెప్పినా వినొద్దు. తల్లిగారింటికి వెళ్ళు, పోలీసు దగ్గరకైనా వెళ్ళు. తన ప్రాణం కాపాడుకోవడానికి బల్లే తోక తెంచుకుంటుంది, అది దాని పాపం కాదు. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి మాల వేసే ముందే ఆసుపత్రికి తీసుకెళ్తాను, వస్తాడో రాడో" అంది. వచ్చాడో లేదో నాకింకా తెలియలేదు.

భరతుడి మూడో జన్మ మిగిలింది. అంగిరస గోత్రంలో బ్రాహ్మణుడి ఇంట పుట్టాడు. మళ్ళీ ఎవరితో ముడి పడుతుందోనని వెర్రివాడిలా, చెవిటివాడిలా, మందబుద్ధిలా తిరిగాడు. అందుకే జడభరతుడన్నారు. ఒకరోజు రహూగణుడనే రాజు పల్లకీలో వెళ్తుంటే బోయీలకు ఒక మనిషి తక్కువయ్యాడు. దారిలో దిట్టంగా కనిపించిన ఈయన్ని పట్టుకొచ్చి భుజాన దండె పెట్టారు. ఈయన మోశాడు. కానీ పల్లకీ కుదుపులు. రాజు లోపలి నుంచి కేకలు. ఎందుకు కుదుపులంటే, ఈయన ముందు నేల చూసుకుని, కాలి కింద ఏ పురుగూ పడకుండా అడుగు వేస్తున్నాడు. మిగతా ముగ్గురి నడకతో ఈయన నడక కలవడం లేదు.

ఆలోచించండి. లేడిపిల్ల మీద పుట్టిన జాలి రెండు జన్మలు తిప్పింది. మూడో జన్మలో ఆయన ఆ జాలిని తీసేసుకోలేదు. చీమ మీద కూడా ఉంది. ఆ చీమకు ఆయన పేరు పెట్టలేదు, భుజాన ఎక్కించుకోలేదు, అది నాది అనలేదు. అడుగు పక్కన వేశాడు, అంతే.

రాజు పల్లకీ దిగి ఏమన్నాడు, ఈయన నోరు తెరిచి ఏం చెప్పాడు అన్నది వచ్చే గురువారం వీడియోలో చెప్పుకుందాం. పంచమ స్కంధం ఇంట్లో ఉన్నవాళ్ళు రహూగణ సంవాదం ఒకసారి చదువుకుని రండి.

స్వస్తి.